కంప్యూటర్ మొరాయిస్తే... ఫార్మాట్‌కు ముందు ఏం చేయాలి?

మన హాస్టల్‌లో ఉంటున్న వాళ్లం తొంభై మందికి పైనే. కంప్యూటర్ మాత్రం ఒక్కటే. వార్డెన్ సారు ఆఫీసుకూ బియ్యం బస్తాలుండే స్టోరు గదికీ మధ్యనున్న చిన్న గదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. మన పూర్వ విద్యార్థులు చందాలు వేసుకొని కొనిచ్చినది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, హాల్ టికెట్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఉద్యోగ నోటిఫికేషన్లు, బయోడేటాలు అన్నిటికీ అదే దిక్కు. "చేతిలో సెల్‌ఫోన్ ఉండగా కంప్యూటర్ ఎందుకు?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. అరవై పేజీల ప్రాజెక్టు రిపోర్టును ఫోన్‌లో టైపు చేసి చూస్తే జవాబు వాళ్లకే దొరుకుతుంది.

ఆ ఒక్క కంప్యూటర్ పోయిన ఏడాది సరిగ్గా పరీక్షల ముందు పాడైంది. ఆన్ చేస్తే తెర నీలం రంగులోకి మారి, ఇంగ్లీషులో ఏదో రాసి, మళ్లీ మొదటికి వచ్చేది. మాలో ఎవరికీ ఏమీ తెలియదు. ముట్టుకుంటే ఇంకా పాడవుతుందేమోనని, ఆ ఖర్చు మన మీద పడుతుందేమోనని భయం. సీపీయూను ఆటోలో పెట్టుకొని బజారులోని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లాం. "ఫార్మాట్ కొట్టాలి" అన్నారు. సరే అన్నాం. లోపల ఫైళ్లు ఉన్నాయని మేము చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

సాయంత్రానికి కంప్యూటర్ కొత్తదానిలా తిరిగొచ్చింది. ఆన్ చేస్తే అంతా ఖాళీ. సీనియర్ అన్న ఒకరు మూడు నెలలు కూర్చొని టైపు చేసుకున్న ప్రాజెక్టు రిపోర్టు లేదు. జూనియర్లు స్కాన్ చేసి పెట్టుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు లేవు. ఆ అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. స్టడీ అవర్ అయ్యాక తొమ్మిది రాత్రులు కూర్చొని మొత్తం మళ్లీ టైపు చేశారు. అందరం పడుకున్నాక ఆ గదిలోంచి కీబోర్డు చప్పుడు వినిపిస్తుంటే మాకు నిద్ర పట్టేది కాదు.

ఆ తొమ్మిది రాత్రులు ఇంకెవరికీ రాకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాం. అందరూ మెకానిక్కులు కావాలని కాదు. ఫార్మాట్ అనే మాటకు ముందు చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి. ఏ పని దేన్ని ముట్టుకుంటుందో తెలుసుకుంటే భయం సగం పోతుంది. చిన్న పనితో మొదలుపెట్టి, అవసరమైతేనే పెద్ద పనికి వెళ్లాలి. ఈ వ్యాసంలోని క్రమం కూడా అదే.

ముందు మూడు ప్రశ్నలు

జ్వరమని డాక్టరు దగ్గరికి వెళితే వెంటనే సూది వేయరు. ఎప్పటి నుంచి, ఏం తిన్నావు, ఎక్కడ నొప్పి అని అడుగుతారు. కంప్యూటర్‌కూ అంతే. ఎప్పటి నుంచి ఇలా చేస్తోంది? అంతకు ముందు ఎవరు ఏం చేశారు? కొత్త సాఫ్ట్‌వేర్ వేశారా, పెన్‌డ్రైవ్ పెట్టారా, కరెంటు పోయిందా? తెర మీద ఏమని వచ్చింది? తెర మీది మాటల్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి. తర్వాత ఎవరిని సలహా అడిగినా ఆ మాటలే పనికొస్తాయి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. "నేను ఫలానాది ఇన్‌స్టాల్ చేశాను" అని ధైర్యంగా చెప్పిన వాడిని మనం తిట్టకూడదు. తిడితే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. నిజం తెలియకపోతే పది నిమిషాల పని పది గంటలవుతుంది.

కళ్లతో, చెవులతో చూడాల్సినవి

చాలాసార్లు జబ్బు విండోస్‌లో ఉండదు, బయటే ఉంటుంది. అసలు లైటే వెలగకపోతే ముందు ప్లగ్గు, పవర్ కేబుల్, సీపీయూ వెనక ఉండే చిన్న స్విచ్ చూడండి. సీపీయూ లైటు వెలిగి తెర నల్లగా ఉంటే మానిటర్ కేబుల్ రెండు చివర్లా బిగించి చూడండి.

ఆన్ చేయగానే బీప్ బీప్ అని అరుస్తూ తెర రాకపోతే చాలావరకు ర్యామ్ సరిగా కూర్చోలేదని అనుమానించాలి. ప్లగ్గు పూర్తిగా తీసేసి, ఒకసారి సీపీయూ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, ర్యామ్‌ను జాగ్రత్తగా బయటికి తీయాలి. దాని అంచున బంగారు రంగులో ఉండే పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి లేకుండా ఊదేసి, రెండు వైపులా టక్‌మని లాక్ పడేదాకా నొక్కాలి. మన గదికి స్టోరు పక్కనే ఉండడంతో బియ్యం దుమ్ము ఎక్కువ. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు దుమ్ము పట్టి తిరగకపోతే వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. మెత్తని బ్రష్షుతో నెలకోసారి దులిపితే చాలు.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైము పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీది నాణెంలాంటి బ్యాటరీ అయిపోయిందన్నమాట. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032 అనే 3 వోల్టుల బ్యాటరీ. తేదీ తప్పుగా ఉంటే స్కాలర్‌షిప్ వెబ్‌సైటు కూడా తెరుచుకోకపోవచ్చు, "ఈ సైటు సురక్షితం కాదు" అని వస్తుంది. మేము ఒకసారి రెండు గంటలు ఇంటర్నెట్‌ను తిట్టుకున్నాక తేలింది, తప్పు గడియారానిదని!

హార్డ్ డిస్క్ లోంచి టక్ టక్ అని కొత్త చప్పుడు వస్తుంటే మాత్రం ఏ రిపేరూ మొదలుపెట్టకండి. ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. ఆ డిస్క్ ఎంతో కాలం ఉండదని అర్థం.

సేఫ్ మోడ్

బయట అంతా బాగుండి విండోస్ మాత్రం సరిగా నడవకపోతే ఒకసారి రీస్టార్ట్ చేయండి. తేలిగ్గా అనిపిస్తుంది గానీ సగం తగాదాలు దానితోనే తీరతాయి. తీరకపోతే సేఫ్ మోడ్. ఇందులో విండోస్ తనకు తప్పనిసరి అయిన వాటితో మాత్రమే లేస్తుంది. మనం వేసిన సాఫ్ట్‌వేర్లను, అదనపు డ్రైవర్లను పక్కన పెడుతుంది. సేఫ్ మోడ్‌లో బాగా నడిచి మామూలుగా నడవకపోతే, తప్పు మనం వేసిన ఏదో ఒక దానిలో ఉండే అవకాశం ఎక్కువ.

విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్లలో ఆన్ చేయగానే ఎఫ్ 8 మీట నొక్కుతూ ఉంటే సేఫ్ మోడ్ జాబితా వచ్చేది. విండోస్ 10, 11లలో అలా రాదు. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకొని రీస్టార్ట్ నొక్కాలి. నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరసగా ఎంచుకొని, రీస్టార్ట్ అయ్యాక 4 అంకె నొక్కాలి. విండోస్ అసలు లేవకపోతే కంగారు పడొద్దు. వరసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే అదే "ఆటోమేటిక్ రిపేర్" తెర చూపిస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నొక్కితే ఇదే దారి దొరుకుతుంది.

సిస్టం రిస్టోర్ అంటే ఏమిటి?

ఈ సౌకర్యం మొదట 2000లో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చింది. తర్వాత 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా ఉంది. ఇన్నేళ్లుగా ఉన్నా మనలో చాలామంది దాన్ని తెరిచి చూడలేదు.

అదేం చేస్తుందో మన హాస్టల్ లెక్కలోనే చెబుతాం. వంటగదిలో పొయ్యిలు, గిన్నెలు, పప్పు డబ్బాలు అన్నీ ఎక్కడివక్కడ ఉన్న రోజున వంట మాస్టర్ ఒక కాగితం మీద ఏది ఎక్కడుందో రాసి పెట్టుకున్నాడనుకోండి. తర్వాత ఎవరో వచ్చి అంతా కలగాపులగం చేశారు. అప్పుడు ఆ కాగితం చూసి అంతా మళ్లీ ఆ రోజు ఉన్నట్టు సర్దుతాడు. ఆ కాగితమే రిస్టోర్ పాయింట్. ఆ సర్దడమే సిస్టం రిస్టోర్.

వంటగది అంటే ఇక్కడ విండోస్ సొంత ఫైళ్లు, డ్రైవర్లు, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు, రిజిస్ట్రీ. రిజిస్ట్రీ అంటే విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పద్దు పుస్తకం. వంట మాస్టర్ వంటగది సర్దుతాడు గానీ గదుల్లో ఉన్న మన ట్రంకు పెట్టెల జోలికి రాడు. అలాగే సిస్టం రిస్టోర్ మీరు టైపు చేసిన డాక్యుమెంట్లు, ఫొటోలు, పాటల జోలికి రాదు. అవి ఉన్నట్టే ఉంటాయి. కానీ ఒక మాట మరిచిపోవద్దు. మీ ట్రంకు పెట్టె పోతే వంట మాస్టర్ వెతికి తెచ్చివ్వడు కదా! పొరపాటున మీరు డిలీట్ చేసుకున్న ఫైలును సిస్టం రిస్టోర్ తెచ్చివ్వదు. ఇది బ్యాకప్ కాదు.

ఇంకో సంగతి. రిస్టోర్ పాయింట్ తేదీ తర్వాత వేసిన ప్రోగ్రాములు, డ్రైవర్లు పోతాయి. వాటిని మళ్లీ వేసుకోవాలి. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సెటప్ ఫైళ్లు కూడా పోవచ్చు. కాబట్టి జాబితాలో ఎంతో పాత తేదీని కాకుండా, జబ్బు మొదలవడానికి సరిగ్గా ముందున్న తేదీని ఎంచుకోవాలి.

ముందే పెట్టుకోవాలి

కాగితం రాసి పెట్టుకోకపోతే సర్దడానికి ఏమీ ఉండదు. విండోస్ 10 వేసిన చాలా కంప్యూటర్లలో ఈ రక్షణ ఆఫ్‌లోనే ఉంటుంది. మనదీ అలాగే ఉండేది. దసరా సెలవులకు ఊరికి వచ్చిన పూర్వ విద్యార్థి అన్న ఒకరు హాస్టల్‌కు వచ్చి, మా కష్టం విని, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించారు.

స్టార్ట్ నొక్కి "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని ఇంగ్లీషులో టైపు చేయాలి. వచ్చిన పెట్టెలో సి డ్రైవ్ ఎదురుగా "ఆఫ్" అని ఉంటే దాన్ని ఎంచుకొని, కాన్ఫిగర్ నొక్కి, "టర్న్ ఆన్ సిస్టం ప్రొటెక్షన్" పెట్టాలి. దాని కింద ఎంత జాగా ఇవ్వాలో అడుగుతుంది. డిస్క్‌లో 5 నుంచి 10 శాతం ఇస్తే చాలు. జాగా నిండితే పాత పాయింట్లను అదే తీసేస్తుంది. తర్వాత "క్రియేట్" నొక్కి ఒక పేరు ఇవ్వాలి. మేము "దసరా, అంతా బాగుంది" అని ఇచ్చాం. పనంతా ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్‌డేట్లు, కొన్ని సాఫ్ట్‌వేర్లు వేసేటప్పుడు విండోస్ తనంతట తాను కూడా పాయింట్లు పెట్టుకుంటుంది.

"అన్నా, ఇది ముందే తెలిసుంటే పోయినేడు ఆ రిపోర్టు మిగిలేదా?" అని మాలో ఒకడు అడిగాడు.

"విండోస్ లేవకపోయినా ఫైళ్లు డిస్క్‌లోనే ఉంటాయిరా. ఫార్మాట్ చేయకుండా ఉంటే మిగిలేది. అసలు ఆ రిపోర్టు ఇంకోచోట కూడా ఉండుంటే ఫార్మాట్ చేసినా మిగిలేది. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి" అన్నారు అన్న.

జనవరిలో ఏం జరిగింది?

అన్న నేర్పింది ఎంత పనికొస్తుందో జనవరిలో తెలిసింది. ప్రింటర్ పని చేయడం లేదని మా వాళ్లలో ఒకరు ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన డ్రైవర్ వేశారు. అది మన ప్రింటర్‌ది కాదు. తెల్లవారి ఆన్ చేస్తే మళ్లీ అదే నీలం తెర. మరుసటి రోజు సాయంత్రంతో స్కాలర్‌షిప్ రెన్యువల్ గడువు. పద్నాలుగు మంది దరఖాస్తులు మిగిలున్నాయి. ఈ సంచిక కోసం అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాలు, కవితలు కూడా అందులోనే ఉన్నాయి. "షాపుకు తీసుకెళ్దాం" అని కొందరు లేచారు. సీపీయూ వైర్లు పీకబోతుంటే ఆపాం.

డ్రైవర్ వేసిన తమ్ముడు భయపడుతూనే వచ్చి సంగతి చెప్పాడు. దాంతో దారి దొరికింది. మూడోసారి లేవలేకపోయాక ఆటోమేటిక్ రిపేర్ తెర వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో సిస్టం రిస్టోర్. పాస్‌వర్డ్ ఇచ్చాక జాబితా వచ్చింది. అందులో రెండు పాయింట్లు ఉన్నాయి. ఒకటి మా దసరాది. రెండోది నాలుగు రోజుల కిందట అప్‌డేట్‌కు ముందు విండోస్ పెట్టుకున్నది. దగ్గరిదే ఎంచుకున్నాం. "స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్" అనే బటన్ నొక్కితే ఏమేం పోతాయో ముందే చూపిస్తుంది. అందులో ఆ ప్రింటర్ డ్రైవర్ పేరు కనిపించింది. ఫినిష్ నొక్కాం.

అరగంట సేపు తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. మధ్యలో కరెంటు పోకూడదని అందరం మొక్కుకున్నాం. రిస్టోర్ జరుగుతుండగా ఆపడం ప్రమాదం. యూపీఎస్ ఉంటే దానికి పెట్టే చేయండి, లేకపోతే కోతల వేళ చూసుకొని చేయండి. చివరికి విండోస్ లేచింది. డెస్క్‌టాప్ మీద సంచిక ఫోల్డరు ఉన్నచోటే ఉంది. సరైన డ్రైవర్‌ను ప్రింటర్ కంపెనీ వెబ్‌సైటు నుంచి దించి వేశాం. పద్నాలుగు దరఖాస్తులూ ఆ రాత్రే పంపించాం.

మామూలు విండోస్‌లోంచి రిస్టోర్ చేస్తే, నచ్చకపోతే "అన్‌డూ" చేసుకునే వీలుంటుంది. సేఫ్ మోడ్ లోంచి గానీ, ఈ నీలం తెర లోంచి గానీ చేస్తే అన్‌డూ ఉండదు. కాబట్టి విండోస్ లేస్తున్నంత కాలం మామూలుగానే చేయండి. కొత్త ల్యాప్‌టాప్‌లు వాడే పూర్వ విద్యార్థులకు ఇంకో జాగ్రత్త. చాలా వాటిలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. రిపేర్ తెరలోకి వెళ్లినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ఇప్పుడే చూసి, కాగితం మీద రాసుకోండి.

మిగతా పనిముట్లు

రిస్టోర్‌తో తీరని జబ్బులకు విండోస్‌లోనే మరికొన్ని మందులున్నాయి. ఏదీ కొనక్కర్లేదు.

చెక్ డిస్క్: పనిచేస్తుండగా కరెంటు పోతే డిస్క్‌లోని లెక్కలు తప్పుతాయి. దిస్ పీసీ తెరిచి, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ అని వెళితే తప్పుల్ని వెతికి సరిచేస్తుంది. కొన్నిసార్లు రీస్టార్ట్ అడుగుతుంది. పెద్ద డిస్క్ అయితే గంటలు పట్టవచ్చు, రాత్రిపూట పెట్టండి.

సిస్టం ఫైల్ చెకర్: విండోస్ సొంత ఫైళ్లు చెడిపోయాయేమో చూసి, మంచి కాపీలతో మారుస్తుంది. స్టార్ట్‌లో సి-ఎం-డి అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" ఎంచుకోవాలి. ఎస్-ఎఫ్-సి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, స్కాన్‌నౌ అని కలిపి టైపు చేసి ఎంటర్ నొక్కాలి. కొన్ని ఫైళ్లను బాగు చేయలేకపోయానని చెబితే డిస్మ్ అనే ఇంకో ఆదేశం ఉంది. డి-ఐ-ఎస్-ఎం, ఖాళీ, స్లాష్ ఆన్‌లైన్, ఖాళీ, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, ఖాళీ, స్లాష్ రిస్టోర్‌హెల్త్. దీనికి మామూలుగా ఇంటర్నెట్ కావాలి. అయ్యాక మళ్లీ మొదటి ఆదేశం ఇవ్వాలి. ఈ రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మానిటర్ పక్క గోడకు అంటించాం.

డిస్క్ క్లీనప్: సి డ్రైవ్ నిండిపోతే అప్‌డేట్లు ఆగిపోతాయి, కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. డిస్క్ క్లీనప్ పనికిరాని తాత్కాలిక ఫైళ్లను తీసేస్తుంది. ప్రతి టిక్ ముందు పేరు చదవండి. రీసైకిల్ బిన్‌లో ఎవరిదైనా ఫైలు ఉందేమో అడగండి. "మోర్ ఆప్షన్స్"లో పాత రిస్టోర్ పాయింట్లను తీసేసే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే చివరిది తప్ప మిగతావన్నీ పోతాయి.

డీఫ్రాగ్‌మెంట్: పాత తరహా హార్డ్ డిస్క్‌లో ముక్కలైన ఫైళ్లను ఒకచోట చేరుస్తుంది. ఇప్పటి విండోస్ వారానికోసారి తనంతట తానే చేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లకు ఇది అక్కర్లేదు. దానికి కావలసింది విండోస్ వేరే పద్ధతిలో చేసుకుంటుంది.

స్టార్టప్: ఆన్ చేసి టీ తాగి వచ్చినా కంప్యూటర్ లేవకపోతే, దానితోపాటు లేచే ప్రోగ్రాములు ఎక్కువయ్యాయన్నమాట. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ భాగంలో అక్కర్లేని వాటిని డిసేబుల్ చేయండి. యాంటీవైరస్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

"మీ కంప్యూటర్‌లో 900 తప్పులున్నాయి, ఇది వేసుకోండి" అని భయపెట్టే డ్రైవర్ అప్‌డేటర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు వద్దే వద్దు. ఉన్న జబ్బుకు తోడు కొత్తవి తెస్తాయి.

పెన్‌డ్రైవ్‌లు, వైరస్‌లు

మన హాస్టల్‌కు వైరస్ ఎక్కువగా వచ్చేది జిరాక్స్ షాపుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో పెట్టిన పెన్‌డ్రైవ్‌లతోనే. పెన్‌డ్రైవ్ తెరవగానే ఫోల్డర్లన్నీ చిన్న బాణం గుర్తున్న షార్ట్‌కట్‌లుగా కనిపిస్తే వాటిని క్లిక్ చేయకండి. ఫైళ్లు పోయాయని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ కూడా చేయకండి. చాలాసార్లు అసలు ఫైళ్లు అందులోనే దాగి ఉంటాయి. ముందు విండోస్ సెక్యూరిటీతో పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేసి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లను, సిస్టం ఫైళ్లను చూపించమని పెడితే బయటపడతాయి.

వైరస్‌కు సిస్టం రిస్టోర్ మందు కాదు. వైరస్ మన సొంత ఫైళ్లలో కూర్చుంటే రిస్టోర్ దాని జోలికే పోదు. విండోస్ సెక్యూరిటీలో "ఆఫ్‌లైన్ స్కాన్" అని ఒకటుంది. అది విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి మొండి వైరస్‌లకు పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం: రెండో కాపీ

ఇప్పటిదాకా చెప్పిన పనిముట్లన్నీ వంటగదిని బాగు చేసేవే. ట్రంకు పెట్టెను కాపాడుకోవాల్సింది మనమే. ఒక్కచోట ఉన్న ఫైలు లేనట్టే లెక్క. ప్రాజెక్టు రిపోర్టు రోజూ టైపు చేయడం అయ్యాక మీ మెయిల్‌కు మీరే పంపుకోండి, లేదా గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. వారానికోసారి పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టి ఉంచకుండా తీసేయండి. ధ్రువపత్రాలను డిజిలాకర్‌లో చూసుకోండి. హాస్టల్ కంప్యూటర్ అందరిదీ కాబట్టి పని అయ్యాక లాగౌట్ మరవద్దు. పాస్‌వర్డ్‌ను సేవ్ చేయమని బ్రౌజర్ అడిగితే వద్దనండి.

విండోస్ ఎంతకూ లేవకపోతే? అప్పుడూ ఫార్మాట్ కాదు. హార్డ్ డిస్క్‌ను ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. ఉబుంటు లాంటి లైనక్స్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండానే దాంతో కంప్యూటర్‌ను లేపి కూడా కాపీ చేసుకోవచ్చు. పొరపాటున ఇప్పటికే ఫార్మాట్ అయిపోయి ఉంటే ఆ డిస్క్‌లో ఇంకేమీ రాయకుండా వెంటనే ఆపేయండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంతైనా దొరకవచ్చు. కొత్తగా రాసినకొద్దీ పాతది చెరిగిపోతుంది. మా అన్న రిపోర్టు సంగతిలో మాకు అప్పుడు ఇది కూడా తెలియదు.

ఫార్మాట్ ఎప్పుడు?

ఫార్మాట్ చెడ్డది కాదు, చివరిది. పైవన్నీ చేసినా ఫలితం లేకపోతే ముందు "రీసెట్ దిస్ పీసీ" చూడండి. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి గానీ సొంత ఫైళ్లు ఉంటాయి. అయినా సరే ముందు కాపీ తీసుకున్నాకే చేయండి. షాపుకు ఇవ్వాల్సి వస్తే ఒక చీటీ రాసి అంటించండి: "ఇందులో ఫైళ్లు ఉన్నాయి. మమ్మల్ని అడగకుండా ఫార్మాట్ చేయవద్దు." ఈ చీటీ ఖర్చు లేని మందు. షాపు వాళ్లూ ఏమీ అనుకోరు.

మన కంప్యూటర్ వయసు గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మనది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, దాని జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. మన పాత డెస్క్‌టాప్‌లో అవి లేవు. కాబట్టి దాన్ని జాగ్రత్తగా, తెలియని సైట్లకు వెళ్లకుండా వాడుకోవాలి. లైనక్స్ వేసుకొని నడపడం కూడా ఒక దారి. ఇందులో అనుభవం ఉన్న పూర్వ విద్యార్థులు ఒక ఆదివారం వచ్చి చూపిస్తే నేర్చుకోవడానికి మేము సిద్ధం. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేస్తే వేగం బాగా పెరుగుతుంది. యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయింది. కొత్త కంప్యూటర్ అడగడం లేదు, ఈ రెండింటి సంగతి ఈ వార్షికోత్సవంలో ఆలోచించమని పెద్దలకు మనవి.

కంప్యూటర్ బల్ల మీద ఇప్పుడు ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. ఎవరు ఏం ఇన్‌స్టాల్ చేశారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఏం చేస్తే పోయింది అన్నీ తేదీలతో రాస్తున్నాం. ఈ ఏడాది మేము హాస్టల్ వదిలి వెళ్తున్నాం. మా తర్వాత వచ్చే తమ్ముళ్లు దాన్ని ఆపకుండా రాయాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం రిస్టోర్ పాయింట్ పెట్టి, దుమ్ము దులిపి, పెన్‌డ్రైవ్‌లో కాపీ తీసి, కింద సంతకం చేయాలి. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో ప్రాజెక్టు రిపోర్టు పోగొట్టుకున్న ఆ అన్న చేతే ఒక వాక్యం రాయించాం: "ముందు కాపీ తీయండి, తర్వాతే కంగారు పడండి."

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు